రక్తం పలికే సాక్ష్యం: కాలేయ వ్యాధులలో ప్రతిరక్షకాల పరీక్ష

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భమున చేసిన ప్రసంగపాఠం)



డెబ్బైయైదు సంవత్సరాల పండుగ జరుపుకొనే పాఠశాలలో కాలేయవ్యాధిని గురించిన ప్రసంగమెందుకని కొందరికి అనిపించవచ్చును. అందుకు రెండు కారణాలున్నవి. మొదటిది, ఈ వ్యాధి చదువుకొనే వయసులోని ఆడపిల్లలకూ, నడివయసు తల్లులకూ ఎక్కువగా వచ్చేది. సకాలంలో గుర్తిస్తే లొంగేది, ఆలస్యమైతే ప్రాణం మీదికి తెచ్చేది. రెండవది, దానిని గుర్తించే పరీక్ష ఫలితం ఇంటికి వచ్చేది ఆంగ్లంలో ముద్రించిన ఒక కాగితం రూపంలో. తెలుగునాటికి దూరంగా స్థిరపడిన కుటుంబాలలో వైద్యుడు మాట్లాడేది ఒక భాష, కాగితం మీద ఉండేది మరొక భాష, ఇంట్లో తల్లికి అర్థమయ్యేది తెలుగు. ఈ మూడింటి నడుమ అసలు విషయం జారిపోయే ప్రమాదమున్నది. ఆ కాగితంలోని మాటలు నిజానికి ఈ పాఠశాల జీవశాస్త్ర తరగతిలో నేర్పిన మాటలే: కణం, కేంద్రకం, మైటోకాండ్రియా, కండరం. వాటిని గుర్తుకు తెచ్చుకొంటే సగం భయం తీరిపోతుంది.

దేహంలోనికి సూక్ష్మజీవులు ప్రవేశించినపుడు రక్తంలోని కొన్ని కణాలు వాటిని పట్టుకొనే ప్రోటీనులను తయారుచేస్తాయి. వీటినే ఆంగ్లంలో యాంటీబాడీలనీ, తెలుగు పాఠ్యపుస్తకాలలో ప్రతిరక్షకాలనీ అంటారు. ఇవి పరాయివానిని పట్టుకోవలసినవేగాని స్వంతవారి జోలికి పోరాదు. కొందరిలో ఈ వివేకం చెడుతుంది. రక్షణ వ్యవస్థ స్వంత అవయవాన్నే శత్రువుగా ఎంచి దాడి చేస్తుంది. ఆ దాడి కాలేయకణాలపై జరిగినపుడు దానిని ఆటోఇమ్యూన్ హెపటైటిస్, అనగా స్వయంప్రతిరక్షక కాలేయశోథ అంటారు. ఇది అంటువ్యాధి కాదు. పాపఫలం కాదు. మద్యం వలన వచ్చేది కాదు. ఏ వయసులోనైనా, స్త్రీపురుషులలో ఎవరికైనా రావచ్చును గాని, రోగులలో ఎక్కువమంది స్త్రీలే.

ఈ వ్యాధి గుర్తింపుకు వచ్చిన చరిత్ర డెబ్బైయైదేళ్ళ చిల్లర మాత్రమే. 1950లో స్వీడన్ దేశపు వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రామ్, యువతులలో కనిపించే ఒక విధమైన దీర్ఘకాలిక కాలేయశోథను వర్ణించాడు. వారి రక్తంలో గామాగ్లోబ్యులిన్ అనే ప్రోటీను, అనగా ప్రతిరక్షకాలు చేరియున్న భాగం, విపరీతంగా పెరిగి ఉన్నదని గమనించాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1948లో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ బృందం లూపస్ అనే వ్యాధిలో ఒక విచిత్ర కణాన్ని కనుగొన్నది. ఆ కణమే కొందరు కాలేయరోగులలో కూడా కనిపించగా, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఇయాన్ మెకే, ఆయన సహచరులు 1956లో ఈ జబ్బుకు లూపస్‌ను పోలిన కాలేయశోథ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. లూపస్ వేరు, ఇది వేరు అని తరువాత తేలినది గాని, దేహం తనపై తానే తిరగబడగలదన్న భావన ఆనాటి నుండి స్థిరపడినది.

1965వ సంవత్సరం ఈ చరిత్రలో ముఖ్యమైనది. ఆ ఏడాది ఇంగ్లండులో జాన్సన్, హోల్‌బరో, గ్లిన్ అనువారు ఇటువంటి రోగుల రక్తంలో నునుపు కండరాన్ని పట్టుకొనే ప్రతిరక్షకాన్ని కనుగొన్నారు. అదే ఏడాది లండనులో వాకర్, డెబొరా డోనియాక్, ఐవన్ రాయిట్, షీలా షెర్లాక్ కలిసి, మరొక కాలేయవ్యాధిలో మైటోకాండ్రియాను పట్టుకొనే ప్రతిరక్షకాన్ని ప్రకటించారు. పైకి ఒకేవిధంగా కనిపించే కామెర్లను రక్తపరీక్షతో వేరుచేయవచ్చునన్న ఆశ అక్కడ మొదలయినది.

ఆ ఆశకు విలువ ఎంతో 1971లో తెలిసినది. లండనులోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో షెర్లాక్ బృందం 49 మంది రోగులను రెండు వర్గాలుగా చేసి, 22 మందికి ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ మందు ఇచ్చి, 27 మందికి ఇవ్వక పరిశీలించినది. మందు వాడినవారిలో మరణించినవారు ముగ్గురు, వాడనివారిలో పదిహేనుమంది. కాబట్టి ఈ జబ్బును పేరు పెట్టి గుర్తించడం పండితుల వాదం కోసం కాదు. వైరస్ వలన వచ్చిన కామెర్లకు ఈ మందు ఇవ్వరు. ఈ జబ్బుకు ఇవ్వకపోతే మనిషి దక్కకపోవచ్చును. వేరుచేసి చెప్పడంలోనే ప్రాణం ఉన్నది.

ఇక పరీక్ష జరిగే విధానం. రోగి రక్తం గడ్డకట్టిన తరువాత పైన తేరే లేతపసుపు ద్రవాన్ని సీరం అంటారు. ప్రతిరక్షకాలుండేది అందులోనే. ఎలుక కాలేయం, మూత్రపిండం, జీర్ణాశయం నుండి కోసిన అతిపలుచని పొరలను గాజుపలకపై అమర్చి, దానిపై రోగి సీరాన్ని వేస్తారు. అందులో కణభాగాలను పట్టుకొనే ప్రతిరక్షకం ఉంటే అది ఆ పొరకు అంటుకొంటుంది. కడిగినా పోదు. తరువాత, మానవ ప్రతిరక్షకాన్ని పట్టుకొనే మరొక ప్రతిరక్షకానికి మెరిసే రంగు అతికించి దానిపై వేస్తారు. ప్రతిరక్షకానికి మెరిసే రంగును అతికించే ఈ ఉపాయం 1941లో ఆల్బర్ట్ కూన్స్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ప్రకటించినది. ప్రత్యేకమైన కాంతిగల సూక్ష్మదర్శినితో చూచినపుడు, ప్రతిరక్షకం అంటిన చోటు ఆకుపచ్చగా వెలుగుతుంది.

వెలిగిన చోటును బట్టి పేరు. కణాల కేంద్రకాలు వెలిగితే అది కేంద్రక ప్రతిరక్షకం. రిపోర్టులో దీనిని ఏ.ఎన్.ఏ. అని వ్రాస్తారు. జీర్ణాశయపు గోడలోని కండరపొర, మూత్రపిండపు రక్తనాళాల గోడలు వెలిగితే నునుపు కండర ప్రతిరక్షకం, ఎస్.ఎం.ఏ. ఈ రెండూ మొదటి రకం స్వయంప్రతిరక్షక కాలేయశోథకు గుర్తులు. కాలేయకణాలూ, మూత్రపిండంలోని కొన్ని నాళికలూ వెలిగితే ఎల్.కె.ఎం. అంటారు. ఇది రెండవ రకానికి గుర్తు. ఆ రకం ఎక్కువగా చిన్నపిల్లలలో కనిపిస్తుంది. మైటోకాండ్రియా వెలిగితే ఏ.ఎం.ఏ.; ఇది కాలేయంలోని సన్నని పిత్తవాహికలు దెబ్బతినే జబ్బుకు గుర్తు. నడివయసు స్త్రీలలో దురద, నిస్సత్తువలతో మొదలయ్యే ఈ జబ్బు పేరులో సిరోసిస్ అనే మాట చాలాకాలం ఉండేది. రోగులందరికీ కాలేయం గట్టిపడి ఉండదు గనుక, ఆ మాట అనవసర భయం కలిగిస్తున్నదని 2015లో దానిని తొలగించి, ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్ అని మార్చారు. ఈ జబ్బులో నూటికి తొంభైమందికి పైగా ఏ.ఎం.ఏ. కనిపిస్తుంది.

ఎస్.ఎల్.ఏ. అనే మరొక ప్రతిరక్షకం ఉన్నది. కొద్దిమందిలోనే కనిపించినా, కనిపించినపుడు స్వయంప్రతిరక్షక కాలేయశోథను గట్టిగా సూచిస్తుంది. ఇది గాజుపలక పద్ధతిలో కనబడదు. ఎలైసా వంటి వేరు పద్ధతిలో విడిగా అడిగి చేయించవలసి ఉంటుంది. ఎల్.కె.ఎం., ఏ.ఎం.ఏ. రెండూ మూత్రపిండపు నాళికలనే వెలిగిస్తాయి గనుక, అనుభవం చాలని కన్ను ఒకదానిని మరొకటిగా పొరబడే అవకాశమూ ఉన్నది. అందుచేత, చూసే కాలేయవ్యాధి నిపుణునికి అనుమానం కలిగితే పరీక్ష మళ్ళీ చేయించమనడంలో ఆశ్చర్యపడవలసినది లేదు.

రిపోర్టులో 1:40, 1:80, 1:160 వంటి అంకెలుంటాయి. ఒక పాలు సీరం మొత్తం నలభై పాళ్ళయ్యేటట్లు పలుచన చేసినా వెలుగు కనిపించినదని 1:40కు అర్థం. ఎనభై పాళ్ళకు పలుచన చేసినా కనిపిస్తే 1:80. రెండవ అంకె పెద్దదైనకొద్దీ ప్రతిరక్షకం ఎక్కువగా ఉన్నట్లు. ఎలైసా పద్ధతిలో వచ్చే యూనిట్ల లెక్క వేరు. ఈ రెంటినీ ఒకదానితో ఒకటి పోల్చరాదు. ఒక లాబొరేటరీ అంకెను మరొక లాబొరేటరీ అంకె పక్కన పెట్టి, జబ్బు పెరిగిందనో తగ్గిందనో ఇంట్లోనే తీర్పు చెప్పుకోవడం తగదు.

ఇక్కడ అసలు చెప్పవలసిన మాట ఒకటున్నది. ప్రతిరక్షకం సాక్షి మాత్రమే; తీర్పరి కాదు. సాక్షి ఉన్నంత మాత్రాన నేరం రుజువు కాదు. సాక్షి లేనంత మాత్రాన నేరం జరుగలేదనీ కాదు.

మొదటి సంగతికి ఒక లెక్క చాలును. 1997లో పలు దేశాల లాబొరేటరీలు కలిసి ఆరోగ్యవంతుల రక్తాన్ని పరీక్షింపగా, 1:40 పలుచనలో నూటికి సుమారు 32 మందిలోనూ, 1:80లో 13 మందిలోనూ, 1:160లో ఐదుగురిలోనూ కేంద్రక ప్రతిరక్షకం కనిపించినది. వీరెవరూ రోగులు కారు. కాలేయంలో కొవ్వు చేరినవారిలో, హెపటైటిస్ సి వైరస్ సోకినవారిలో, కొన్ని మందులు వాడినవారిలో కూడా ఇది కనిపించవచ్చును. ఏ అనారోగ్యమూ లేని మనిషి ఆరోగ్యపరీక్షల పేరిట ఇది చేయించుకొని, పాజిటివ్ అన్న మాట చూచి నిద్రమానుకోవడం వ్యర్థం.

రెండవ సంగతి అంతకంటె ముఖ్యమైనది. స్వయంప్రతిరక్షక కాలేయశోథ ఉన్నవారిలో సుమారు పదిమందిలో ఒకరికి సాధారణ ప్రతిరక్షకాలేవీ కనిపించవు. జబ్బు ఒక్కసారిగా తీవ్రంగా మొదలైనపుడు తొలి వారాలలో కనిపించక, తరువాత కనిపించడమూ కలదు. పిల్లల విషయంలో మరొక జాగ్రత్త ఉన్నది. పెద్దలలో లెక్కకు రాని తక్కువ అంకె, అనగా ఏ.ఎన్.ఏ., ఎస్.ఎం.ఏ.లలో 1:20, ఎల్.కె.ఎం.లో 1:10 కూడా పదునెనిమిదేళ్ళలోపు వారిలో అర్థవంతమే. నెగటివ్ అని వ్రాసియున్న కాగితాన్ని పట్టుకొని, జబ్బు లేదని మందు మానివేయరాదు.

అయితే తీర్పు చెప్పేదెవరు? వైద్యులు దీనికొక లెక్క ఏర్పరచుకొన్నారు. 2008లో అంతర్జాతీయ నిపుణుల బృందం సులభం చేసి ప్రకటించిన పట్టిక ప్రకారం నాలుగు విషయాలను పరిశీలించి మార్కులు వేస్తారు. ప్రతిరక్షకాలకు ఎన్ని పాజిటివ్ వచ్చినా రెండు మార్కులు మించవు. ఐజీజీ అనే ప్రోటీను పెరిగి ఉంటే ఆ పెరుగుదలను బట్టి ఒకటి లేక రెండు. సూదితో తీసిన కాలేయపు తునకను సూక్ష్మదర్శినిలో చూచిన మీదట ఒకటి లేక రెండు. వైరస్ కామెర్లు కావని తేలితే రెండు. మొత్తం ఎనిమిదికి ఆరు వస్తే జబ్బు ఉండవచ్చునని, ఏడు లేక ఎనిమిది వస్తే ఉన్నదని నిర్ణయం. ప్రతిరక్షకాలకు దక్కేది ఎనిమిదిలో రెండే! కాలేయపు తునక పరీక్ష, అనగా బయాప్సీ, అనగానే ఇంట్లో అందరూ వద్దని వారిస్తారు. ఆ పరీక్షను వైద్యుడు ఎందుకు అడుగుతున్నాడో ఈ లెక్క చెబుతున్నది. సంవత్సరాల తరబడి వాడవలసిన మందును మొదలుపెట్టే ముందు, ఒక్క సాక్షి మాట మీద ఆధారపడరాదన్నదే అందులోని న్యాయం.

చిన్నవయసు వారిలో మరొక జబ్బును కూడా మరువరాదు. దేహంలో రాగి పేరుకొనిపోయే విల్సన్ వ్యాధి అచ్చం ఇదేవిధంగా కనిపించగలదు. ప్రతిరక్షకాలు సైతం అందులో అప్పుడప్పుడు కనిపిస్తాయి. రెండింటికీ మందులు పూర్తిగా వేరు. కనుక పిల్లలకు రక్తంలో సెరులోప్లాస్మిన్, మూత్రంలో రాగి, కంటి పరీక్ష చేయించమంటే అవి అదనపు ఖర్చుగా భావింపరాదు.

ఈ జబ్బు ఆలస్యంగా బయటపడడానికి తెలుగు ఇళ్ళలో కనిపించే కారణాలు కొన్ని ఉన్నవి. కామెర్లు అనగానే పసరు పోయించడం, నేల ఉసిరి నూరి ఇవ్వడం, పథ్యం పెట్టడం తరతరాల అలవాటు. నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు చాలామందిలో కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గుతాయి. ఆ కీర్తి పసరుకు దక్కుతుంది. స్వయంప్రతిరక్షక కాలేయశోథలో కూడా కళ్ళ పసుపు ఒక్కొక్కప్పుడు దానంతటది తగ్గుతుంది. లోపల మంట మాత్రం ఆరదు. ఆరు నెలలకో ఏడాదికో తిరిగి కనిపిస్తుంది. అప్పుడు మళ్ళీ పసరు. ఈవిధంగా రెండు మూడు సార్లు గడిచేసరికి కాలేయం గట్టిపడి, పొట్టలో నీరు చేరిన స్థితిలో రోగి ఆసుపత్రికి చేరడం జరుగుతున్నది. రెండవసారి కామెర్లు వచ్చినవారికి, లేక కామెర్లు ఆరు వారాలకు మించి నిలిచినవారికి పసరుతో కాలయాపన చేయక ఈ పరీక్షలు చేయించడం క్షేమం.

ఆకుమందు కదా, హాని ఏముంటుందన్న ధైర్యం కూడా సరియైనది కాదు. కోవిడ్ మహమ్మారి కాలంలో రోగనిరోధకశక్తి పెరుగుతుందని తిప్పతీగ కషాయం ఎందరో త్రాగారు. 2021లో ముంబయి వైద్యులు అటువంటి ఆరుగురిలో కాలేయశోథను గమనించి వైద్యపత్రికలో ప్రకటించారు. 2022లో దేశంలోని పలు వైద్యకేంద్రాలు కలిసి 43 మంది వివరాలను ప్రచురించాయి. వీరిలో పలువురిలో స్వయంప్రతిరక్షక లక్షణాలు కనిపించాయి. కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ ఈ నిర్ధారణను అంగీకరింపక, తిప్పతీగ సురక్షితమేనని ప్రకటించినది. వాదం ఎట్లున్నా, కాలేయపు జబ్బు అనుమానం ఉన్నవారు తాము సేవించిన ప్రతి కషాయాన్నీ, లేహ్యాన్నీ, మాత్రనూ వైద్యునికి దాచక చెప్పడం ధర్మం. వైద్యుడు కోప్పడతాడని దాచితే నష్టపోయేది రోగియే.

రెండవ కారణం అపవాదు భయం. కాలేయం చెడిందనగానే త్రాగుడు గుర్తుకు వస్తుంది. ఏనాడూ మద్యం ముట్టని ఇల్లాలికి సిరోసిస్ అని తేలితే బంధువులు గుసగుసలు పోతారు. పెళ్ళికెదిగిన పిల్లకు కాలేయవ్యాధి ఉన్నదంటే సంబంధాలు రావని తల్లిదండ్రులు దాచిపెడతారు. దాచిన చోట మందు ఆగిపోతుంది. అత్తవారింట మాత్రలు కనబడరాదని మానివేసిన పిల్లకు జబ్బు తిరుగబెట్టే అవకాశం ఎంతో ఎక్కువ. నిజానికి క్రమంగా మందు వాడి జబ్బును అదుపులో ఉంచుకొన్న స్త్రీలు వైద్యుల పర్యవేక్షణలో గర్భం ధరించి, బిడ్డలను కని, సుఖంగా ఉన్నారు. దాచవలసినంత జబ్బు కాదిది. దాచడమే అన్నిటికంటె పెద్ద ప్రమాదం.

చికిత్సలో సాధారణంగా ప్రెడ్నిసొలోన్‌తో మొదలుపెట్టి, తరువాత అజథయోప్రిన్ అనే మందును చేర్చి, స్టిరాయిడ్ మోతాదును క్రమంగా తగ్గిస్తారు. ముఖం ఉబ్బడం, ఆకలి పెరగడం, మొటిమలు వంటివి మొదటి నెలలలో కనిపిస్తాయి. వీటిని చూచి హఠాత్తుగా మాత్రలు ఆపడం ప్రాణాంతకం కావచ్చును. మందు పనిచేస్తున్నదా లేదా అనేది కాలేయపు ఎంజైములు, ఐజీజీ పరీక్షల వలన తెలుస్తుంది. పిత్తవాహికల జబ్బుకు వాడే మందు వేరు. దాని పేరు అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం.

ఉపాధ్యాయులు ఈ విషయంలో చేయగలిగినది చాలా ఉన్నది. తరగతిలో చురుకుగా ఉండే అమ్మాయి నెలల తరబడి నీరసించి బల్లపై తల వాల్చినా, ఆటలకు రాలేనన్నా, కీళ్ళనొప్పులన్నా, కళ్ళలో పసుపు కనిపించినా, సోమరితనమని మందలించే ముందు తల్లిదండ్రులకు కబురు చేయడం మేలు. తల్లిదండ్రులు చేయవలసినది రెండే. మొదటి పరీక్ష నుండి ప్రతి కాగితాన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో దాచడం. వైద్యుని వద్దకు వెళ్ళినపుడు, ఈ రిపోర్టులో ఏ కణభాగానికి సంబంధించిన ప్రతిరక్షకం కనిపించినది, మిగిలిన పరీక్షలు దానితో ఏకీభవిస్తున్నవా అని అడగడం. ఇట్లా అడగడానికి పట్టభద్రులు కానక్కరలేదు. కేంద్రకం, కండరం, మైటోకాండ్రియా అన్న మూడు మాటలు తెలిసినవారెవరైనా అడగవచ్చును.

ఆ మాటలను మాతృభాషలో నేర్పిన పాఠశాల ఇది. తెలుగులో చదివిన శాస్త్రం ఇంగ్లీషు రిపోర్టు ముందు పనికిరాదని తరచుగా వినిపించే మాట. ఇంటిలోని తల్లికి, అవ్వకు, పెళ్ళికెదిగిన పిల్లకు జబ్బు స్వరూపాన్ని విప్పి చెప్పి, భయాన్ని తీర్చి, మందు మానకుండా చూడగలిగేది వారికి అర్థమయ్యే భాష ఒక్కటే. ఆ పని చేయగలవారు ఈ సభలో ఎందరో ఉన్నారు. వారి ఇంట, వారి వీధిలో ఒక్క ఆడపిల్లకైనా రెండవసారి కామెర్లు వచ్చినపుడు పసరు గిన్నెకు బదులు రక్తపరీక్ష గుర్తుకు వస్తే, ఈ ప్రసంగానికి అంతకు మించిన ఫలితం అక్కరలేదు.

స్వస్తి.